పల్లవి దాటని ఇల్లు

రిపేరుకిచ్చిన వస్తువు కోసం జనం మెకానిక్కు చుట్టూ చెప్పులరిగేలా తిరగడం లోకరీతి. ఆ వీధిలో కథ అడ్డం తిరిగింది. అక్కడ మెకానిక్కే జనం చుట్టూ తిరుగుతాడు. ఎవరో పాత స్పీకర్ల జత ఇస్తారు. ఈయన వాటిని విప్పి, బాగుచేసి, చెక్కకు మెరుగు పెట్టి, తీసుకెళ్లి వాళ్ల ముందుగదిలో అమర్చి, శభాష్ అనిపించుకుని వస్తాడు. వచ్చినవాడు ఊరుకోవచ్చు కదా! మర్నాడు పొద్దున్నే మళ్లీ వాళ్ల తలుపు తడతాడు. "ఎడమ పక్కది ఇంకొంచెం గోడకి జరిపితే బాగుంటుందనిపించిందండీ. ఒక్క నిమిషం" అంటాడు. ఆ ఒక్క నిమిషం భోజనాల వేళ దాకా సాగుతుంది. వారం తిరక్కుండా, ఇంకొంచెం బిగించాలంటూ ఒకసారి, ఇంకొంచెం వదులు చేయాలంటూ ఒకసారి వస్తూనే ఉంటాడు. అలా అసలు పేరు మూలపడి, ఆయనకి 'ఇంకొంచెం' అన్న పేరు స్థిరపడిపోయింది.

ఉద్యోగం నుంచి రిటైరైన లెక్కల మాస్టారొకాయన, ఇంకొంచెం వస్తున్నాడని కిటికీలోంచి చూసి వంటింట్లో దాక్కున్నాడు. భార్య తలుపు తీసి, "ఆయన ఇంట్లో లేరండీ" అంది.

"ఫర్వాలేదమ్మా, నాకు ఆయనతో పనేం లేదు. స్పీకర్లతోనే" అని మెకానిక్కు లోపలికొచ్చి కూర్చున్నాడు. గది నలుమూలలా చప్పట్లు కొట్టి మోత చూసుకుంటూ, స్పీకర్లను అటు జరిపీ ఇటు జరిపీ, చివరికి మొదట ఉన్నచోటే పెట్టి వెళ్లాడు. అంతసేపూ మాస్టారు వంటింట్లో తుమ్ము ఆపుకుంటూ నిలబడ్డాడు.

అయ్యవారేం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారన్న సామెత ఈయన్ని చూసే పుట్టిందని వీధిలో ఒక వాదం ఉంది. అది అన్యాయం. ఈయన చేసినవి తప్పులు కావు. ఒప్పుల్నే దిద్దుతుంటాడు. జబ్బంతా అక్కడే ఉంది.

ఇంటి ముందుగదే ఆయన దుకాణం. గోడ పొడవునా చెక్కపెట్టెలు, వాటి ముందు కూర్చోడానికి ఒక ఎత్తు పీట, కిటికీ కింద బల్ల, బల్ల మీద బంకసీసాలు, బ్లేళ్లు, స్పిరిట్ వాసన. పాత స్పీకరులో ముందుగా పోయేది శబ్దం పలికే కాగితపు గరాటా కాదు, దాని చుట్టూ ఉండే స్పాంజి అంచు. ఏళ్లు గడిచేసరికి వేలు తగిలితే చాలు, పొడిపొడిగా రాలిపోతుంది. ఆ పాతదాన్ని మొద్దు బ్లేడుతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, కొత్త అంచు అతికించాలి. అతికించేటప్పుడు గరాటా వెంట్రుకవాసి పక్కకు ఒరిగినా లోపలి తీగచుట్ట అయస్కాంతానికి రాసుకుంటుంది. అందుకని బంక ఆరేదాకా ఆ రెంటి మధ్యా సన్నటి కాగితపు చీలికలు దోపి ఉంచుతాడు. ఆరాక చీలికలు లాగేసి, రెండు బొటనవేళ్లతో గరాటాను మెల్లగా లోపలికి నొక్కి, ఒళ్లంతా చెవులు చేసుకుని వింటాడు. ఎక్కడైనా గీరుకున్న చప్పుడొస్తే అంతా విప్పి మళ్లీ మొదలు. చప్పుడు రాకపోయినా, వచ్చిందేమోనన్న అనుమానంతో విప్పిన సందర్భాలున్నాయి.

బాగుచేయడం ఒక ఎత్తు, ఎవరికి తగ్గట్టు వాళ్లకి చేసివ్వడం ఇంకో ఎత్తు. ఆ రెండో దానికే దూరాల నుంచి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. ఒక బస్సు డ్రైవరు తను నడిపిన పాత బస్సు సీటు గుడ్డ తెచ్చి, స్పీకర్ల ముందు అదే బిగించమన్నాడు. ఇంకొంచెం ఆ గుడ్డను నోటికి ఆనించుకుని ఊదాడు. ఊపిరి అవతలికి పోతే పాట కూడా పోతుందని ఆయన లెక్క. పోలేదు. "ఇది ముక్కుకి కడితే మనిషే పోతాడు బాబూ, పాటెంత?" అని, ముందు పల్చటి గుడ్డ వేసి, సీటు గుడ్డను పెట్టె పక్కలకు తొడిగిచ్చాడు. డ్రైవరు వాటిని కావలించుకున్నంత పని చేశాడు.

పని ఒప్పుకునే ముందు ఎవరినైనా ఒక ప్రశ్న అడుగుతాడు. "ఫోను ఏ చెవికి పెట్టుకుంటారండీ?" అని. జనం విస్తుపోయేవారు. మనిషికి తెలియకుండానే బాగా వినిపించే చెవికే ఫోను పోతుందని, కూర్చునే కుర్చీ ఎటు ఉండాలో, ఏ స్పీకరును ఎటు తిప్పాలో దాన్నిబట్టి తేల్చుకుంటానని ఆయన చెప్పేవాడు. ఒక్కసారి చూశాడంటే ఎవరిది ఏ చెవో మర్చిపోడు. మనుషుల ముఖాలు మర్చిపోతాడు గానీ చెవులు మర్చిపోడు.

ఇంతమంది ఇళ్లలో పాటలు మోగించినాయన ఇంట్లో పాట మోగదా అంటే, మోగుతుంది. పల్లవి దాకా.

పెళ్లయిన కొత్తలో పాత సామాన్ల కొట్లో ఒక పెద్ద జత దొరికింది. నడుమెత్తు పెట్టెలు, ఒక్కోదాంట్లో కింద పెద్ద స్పీకరు, పైన సన్నటి శబ్దాలకి అరచేతిలో పట్టే చిన్న స్పీకరు. "ఇవి మనవి. నీ కోసం చేస్తాను చూడు" అని భార్యకు చెప్పాడు. చేస్తూనే ఉన్నాడు. రికార్డు మీద ముల్లు పెడతాడు, పల్లవి వస్తుంది, ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. చరణం అందుకునే లోపల ఈయన ముల్లెత్తేస్తాడు. "విన్నావా? కింద కొంచెం మొద్దుగా లేదూ?" అంటూ వెనక చెక్క విప్పడం మొదలెడతాడు. ఆవిడ వెళ్లిపోతుంది. ఆ ఇంట్లో ఉన్న రికార్డులన్నీ మొదట్లో అరిగిపోయి, చివర్లో కొత్తగా మిగిలాయి.

"మా ఆయన పాటలకి చరణాలుండవు" అని ఆవిడ నలుగురిలో నవ్వుతూ చెప్పేది. నవ్వుతూనే చెప్పేది గానీ అందులో ఒక ముల్లు ఉండేది. ఆయన దాన్ని పెడచెవిన పెట్టేవాడు. ఈ మధ్య తను పిలిస్తే ఆవిడ పలక్కపోతే, "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందే నా పని" అని ఆయనా వేళాకోళం చేసేవాడు. ఆవిడ ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వేది.

ఆ ఆలస్యాన్ని పట్టుకుంది ఆయన కాదు, మరదలు. ఆవిడ చెల్లెలు, పక్కవీధిలోనే ఉంటుంది, బట్టలు కుడుతుంది, నోటికి తాళం లేని మనిషి. ఒకరోజు వచ్చి బల్ల పక్కనే నిలబడి అడిగింది.

"బావగారూ, అక్క ఫోను ఏ చెవికి పెట్టుకుంటుంది?"

"కుడిచెవికి. ఎందుకు?"

"ఎప్పటి మాట? ఎడమచెవికి మార్చి చాలాకాలమైంది. టీవీ దగ్గర కుర్చీ కూడా అటు తిప్పుకుంది. వీధిలో నడిచేటప్పుడు మిమ్మల్ని ఎడమపక్కకి తోస్తుంది. ఊరందరి చెవులూ చూస్తారు కదా, మీ ఇంట్లో చెవి చూసుకోరా?"

ఇంకొంచెం చేతిలో బంకకుంచె అలాగే ఉండిపోయింది. బంక బొట్లు బొట్లుగా గరాటా మధ్యలో పడి ఒక మంచి స్పీకరు పాడైంది. ఆయన దాన్ని తుడవలేదు. శంఖం మాట గుర్తొచ్చి ఒళ్లంతా కంపరమెత్తింది. అంత సిగ్గు ఆయన జీవితంలో ఎప్పుడూ పడలేదు.

చెవుల డాక్టరు నెమ్మదైన మనిషి. కుడిచెవి దాదాపు పోయినట్టేనని, ఎడమదానికి కూడా ఆ జబ్బు రావచ్చని, ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరని చెప్పాడు. "మొదలైతే ముందు సన్నటి శబ్దాలు పోతాయమ్మా. పిట్టల కూత, చిన్న గంటలు, అలాంటివి. మాటలు వినడానికి మిషన్ పెట్టుకోవచ్చు. పాటలకి మాత్రం అది అంతంతమాత్రమే." ఆవిడ అన్నీ తల వంచుకుని విని, బయటికి రాగానే భర్తతో అంది.

"ఏమండీ, నాకొక్కటే కోరిక. మన ఇంట్లో ఒక్క పాట మొత్తం వినాలి. ఆ చిరుగంటల పాట."

అది ఆవిడ చిన్నప్పుడు పక్కింటి కిటికీ కింద నిలబడి విన్న పాట. రెండో చరణం అయిపోయాక, గొంతు ఆగిన చోట, చిరుగంటలు గలగలమని జారతాయి. ఆ చోటు కోసమే పాటంతా వినేది. ఆ రికార్డు ఇంట్లో ఉంది. కానీ పెళ్లయ్యాక ఆ గంటల దాకా ఏనాడూ వెళ్లింది లేదు.

ఆ రోజు నుంచి ఆయన కాలుగాలిన పిల్లి అయ్యాడు. అంతకుముందు కుదురున్నవాడని కాదు. ఇప్పుడు ఉన్న కాస్తా పోయింది. బయటి పనులన్నీ పక్కన పడేశాడు. వీధిలో జనం ఆయన రావడం లేదని మొదట సంబరపడి, తర్వాత కంగారుపడ్డారు. లెక్కల మాస్టారే స్వయంగా వచ్చి, "మా ఎడమపక్కది ఇంకొంచెం జరపాలేమో చూస్తారా?" అని అడిగి, ముఖాన తలుపు వేయించుకుని వెళ్లాడు.

ఒక చెవికి కుడి ఎడమలుండవు. కాబట్టి రెండు పెట్టెలూ ఆవిడ ఎడమచెవి వైపే చూడాలి. గదిలో కుర్చీ ఎక్కడ వేయాలో తెలుసుకోడానికి ఆయన తన కుడిచెవిలో దూది కుక్కుకుని ఇల్లంతా తిరిగాడు. వీధిలోకి కూడా అలాగే వెళ్లి, సైకిలు గంట వినపడక తిట్లు తిన్నాడు. ఆ తిట్లు కూడా సగమే వినపడ్డాయి. ఇంటికొచ్చి దూది తీసి చూసుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. తను తీసేసుకోగలడు, ఆవిడకి ఆ వీల్లేదు.

ముందు గుడ్డ ఏది వేయాలో ఆవిడనే ఎంచుకోమన్నాడు. ఇంతకుముందు కిటికీకి వేసిన నూలు తెర ఒకటి తీసుకొచ్చింది. వెలిసిపోయి మెత్తబడింది. ఇద్దరూ చెరో పక్కా పట్టుకున్నారు. ఆవిడ ఊదింది, ఆయన ఇటు అరచెయ్యి అడ్డం పెట్టాడు. వెచ్చగా తగిలింది.

"వస్తోందా?" అంది.

"బ్రహ్మాండంగా వస్తోంది. నీ ఊపిరే వస్తుంటే పాటకేం అడ్డం?" అన్నాడు. ఆవిడ ఆలస్యం లేకుండా నవ్వింది.

అయినా పని తెమల్లేదు. ఎండిపోయిన కెపాసిటర్లు మార్చాడు, మార్చినవి మళ్లీ మార్చాడు. పెట్టెలో దూది ఎక్కువైందని తీశాడు, తక్కువైందని కూరాడు. ఒక్కోరోజు గడుస్తున్న కొద్దీ, ఇవాళే ఆ చెవికీ జబ్బు మొదలవుతుందేమో అన్న భయం ఆయన్ని తరుముతోంది. ఆ భయంతోనే తొందరపడాలి, ఆ భయంతోనే ఇంకాస్త బాగా చేయాలి. రెండూ పడక మధ్యలో నలిగిపోతున్నాడు. ఆవిడ మాత్రం పొద్దున లేవగానే కిటికీ దగ్గర నిలబడి పిట్టల కోసం వినేది. విని, హమ్మయ్య అనుకుని, పొయ్యి వెలిగించుకునేది. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. చెబితే ఆయన పిట్టల్ని కూడా బాగుచేయబోతాడని ఆవిడ భయం.

ఒక మధ్యాహ్నం ఆయన పెద్ద స్పీకర్లు ఒంటరిగా ఎలా పలుకుతున్నాయో వినాలనుకున్నాడు. గీరుకునే చప్పుడేదైనా ఉంటే చిన్నవాటి సందడిలో కలిసిపోతుంది. అందుకని చిన్న స్పీకర్ల తీగలు ఊడదీసి, కొసలకు టేపు చుట్టి, పెట్టె లోపలికే వదిలి వింటున్నాడు. అది ఆయన ఎప్పుడూ చేసే పద్ధతే. సరిగ్గా అప్పుడే మరదలు వచ్చింది. అక్క చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి లాక్కొచ్చింది.

"ఇవాళ వినాల్సిందే బావగారూ. ఎలా ఉంటే అలా."

"ఒక్క రెండు రోజులమ్మా, ఇంకొంచెం..."

"ఇంకొంచెం అని ఇన్నేళ్లు గడిచాయి" అంది భార్య. కోపంగా అనలేదు. వచ్చి కుర్చీలో కూర్చుని, పక్కన ఇంకో కుర్చీ చూపించింది. "మీరూ ఇక్కడ కూర్చోండి. పాట అయ్యేదాకా లేవనని మాటివ్వండి."

ఆయన సరేనని గబగబా వెనక చెక్కలు బిగించాడు. చేతులు ఎప్పటి అలవాటుకొద్దీ మరలు తిప్పేశాయి. మనసంతా ఆవిడకిచ్చిన మాట మీద ఉంది. లేవకుండా కూర్చోవడమంటే ఆయనకి ఉరిశిక్ష. ముల్లు పెట్టి వచ్చి కూర్చున్నాడు.

పల్లవి మొదటి పాదంలోనే తేడా తెలిసిపోయింది. గొంతు మీద ఎవరో దుప్పటి కప్పినట్టుంది. సన్నటి శబ్దమన్నది ఒక్కటీ లేదు. తీగలు! చిన్న స్పీకర్ల తీగలు రెండు పెట్టెల్లోనూ అలాగే వేలాడుతున్నాయి. నాలుగు మరలు విప్పితే పని అయిపోతుంది. మోకాళ్లు వాటంతటవే పైకి లేవబోయాయి.

పక్కకు చూశాడు. ఆవిడ కళ్లు మూసుకుంది. తల కొంచెం తిప్పి ఎడమచెవి పాటకిచ్చింది. చేతులు ఒళ్లో ఉన్నాయి. పల్లవి దాటింది. మొదటి చరణం వచ్చింది. ఆ ఇంట్లో మొట్టమొదటి చరణం. ఆవిడ ముఖం చిన్నపిల్ల ముఖంలా అయిపోయింది.

ఇప్పుడు లేచి ముల్లెత్తితే ఇంకేముంది? పోనీలే, ఎలా ఉంటేనేం, వింటోంది కదా అనుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పనిని కాదని మనిషిని చూసుకున్నాడు. ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంది, అయినా కూర్చున్నాడు. కుర్చీ పట్టె వేళ్లకి గుచ్చుకునేంత గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. నేనూ ఉండగలనన్నమాట అని లోలోపల కాస్త గర్వం కూడా కలిగింది. రెండో చరణం అయింది. గొంతు ఆగింది. గంటలు జారాల్సిన చోట బోలుగా ఏదో గాలి వీచినట్టయి, పాట ముగిసింది. ఆవిడ చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకున్నాడు.

"ఎలా ఉంది?" అన్నాడు.

"బాగుంది. చాలా బాగుందండీ" అని ఆవిడ లేచి, కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లింది. చెల్లెలు వెనకాలే వెళ్లింది.

ఆయన చప్పుడు చేయకుండా వెనక చెక్క విప్పడం మొదలెట్టాడు. ఆవిడకి తెలియకముందే తీగలు కలిపేస్తే, రేపు ఇంకా బాగుందనుకుంటుంది. రెండో మర తిప్పుతుండగా మరదలు గుమ్మంలోకి వచ్చింది.

"బావగారూ, అక్కకి గంటలు వినపడలేదట. ఎడమచెవికి కూడా మొదలైందే అని గోడకి ఆనుకుని ఏడుస్తోంది. మీరు అంత కష్టపడి చేశారు, మీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది."

స్క్రూడ్రైవరు కింద పడింది. ఇంకొంచెం వంటింట్లోకి పరిగెత్తాడు.

"నీ చెవి కాదే! నీ చెవి కాదు, నా తీగ! తీగలు కలపలేదే నేను!"

ఆవిడ ముఖం మీంచి కొంగు తీయకుండానే తల అడ్డంగా ఊపింది. "నా మనసు కుదుటపరచడానికి ఏవో చెప్పకండి. నేను తట్టుకోగలను."

"అయ్యో రామా! చెప్పడం కాదు, రా, చూద్దువుగాని!"

చెయ్యి పట్టి లాక్కొచ్చాడు. పెట్టె వెనక మోకాళ్ల మీద కూర్చోబెట్టి, చెక్క ఊడబెరికి, టేపు చుట్టిన కొసలు చూపించాడు. ఆవిడ ఒక కొసను వేళ్లతో పట్టుకుని చూసింది. రెండో పెట్టెలోకీ వంగి చూసింది. ఆయన తీగలు కలపబోతే తొందరలో ఒకటి పట్టుకుంటే ఒకటి జారిపోతోంది. మరదలు టార్చి పట్టుకుంది. ఎలాగో కలిపాడు. ముల్లును రెండో చరణం చివర దించాడు. ఈసారి కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. పెట్టె పక్కన నేల మీదే ఆవిడ చెవి ఒగ్గి ఉంది. ఆయన ఆవిడ ముఖమే చూస్తున్నాడు. ఎందుకంటే తీగ సంగతి నిజమే, డాక్టరు చెప్పిందీ నిజమే. రెండూ ఒకే రోజున నిజం కాకూడదని ఎక్కడా లేదు.

గొంతు ఆగింది. గంటలు జారాయి. ఆవిడ చూపుడువేలు గాల్లోకి లేచి, ఒక్కో గంటకీ ఒక్కోసారి కదిలింది.

ఆయన నేల మీద కూలబడి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ ఆయన భుజం మీద గట్టిగా ఒక్కటిచ్చింది.

"పాట మొదట్లోనే తెలిసిందా మీకు?"

"మొదటి పాదంలోనే."

"తెలిసీ ఎందుకు లేవలేదు?"

"నువ్వు కళ్లు మూసుకుని వింటున్నావు. మాటిచ్చాను కదా. పాడుచేయడం ఎందుకని..."

"ఇన్నేళ్లలో ఒక్కసారి కుదురుగా కూర్చున్నారు. మీరంత కుదురుగా ఉంటే అన్నీ సరిగ్గా మోగుతున్నాయనే అనుకున్నాను, నా చెవే పోయిందనుకున్నాను" అంది ఆవిడ. "మీకు దండం పెడతాను, ఇంకెప్పుడూ నా కోసమని అలా కూర్చోకండి."